అమ్మానాన్న, ఇద్దరు పిల్లలతో యూరప్: 12 రాత్రుల ప్లాన్ ఇది, చూసి చెప్పండి

శేషు_గుంటూరు
మే రెండో వారంలో బయల్దేరదామని అనుకుంటున్నాం. మొత్తం ఆరుగురం. నాన్నకి 69, బీపీ ఉంది, మందులతో అదుపులోనే ఉంటుంది. అమ్మకి 64, రెండు మోకాళ్లూ నొప్పే, మెట్లు దిగడం మరీ కష్టం. నేను, మా ఆవిడ, పాపకి 8, బాబుకి 3 ఏళ్లు. అమ్మానాన్న ఇంతవరకు దేశం దాటలేదు. వాళ్లకి ఓపిక ఉండగానే తీసుకెళ్లాలని నాలుగేళ్లుగా డబ్బు కూడబెడుతున్నాను.

నా ప్లాన్: పారిస్‌లో 3 రాత్రులు, జ్యూరిక్ 1, లూసర్న్ 1, ఇంటర్‌లాకెన్ 2, మిలాన్ 1, వెనిస్ 1, ఫ్లోరెన్స్ 1, రోమ్ 2. రోమ్ నుంచి హైదరాబాద్ తిరుగు ప్రయాణం.

మా బావగారు ఇదంతా చూసి "ఎందుకీ తలనొప్పి, గ్రూప్ టూర్‌లో వెళ్లిపోండి" అంటున్నారు. నాకు మనసు ఒప్పడం లేదు. ఈ ప్లాన్ మావల్ల అవుతుందా? రైళ్లలో తిరగాలా, వ్యాన్ అద్దెకు తీసుకోవాలా? అమ్మ గుడ్డు కూడా ముట్టదు, తిండి సంగతేంటి? దిగేది పారిస్‌లో కాబట్టి వీసాకి ఫ్రాన్స్‌కే దరఖాస్తు పెట్టాలా?

విశాఖ_వాణి
ఊళ్ల సంగతి పక్కన పెట్టి పెట్టెలు ఎన్నిసార్లు సర్దాలో లెక్కపెట్టండి. 12 రాత్రులకి 8 హోటళ్లు. ఆరుగురికి కనీసం నాలుగు పెద్ద పెట్టెలు, ఒక తోపుడు బండి. హోటల్ మారిన ప్రతిసారీ సర్దడం, స్టేషన్‌కి ఈడ్చుకెళ్లడం, రైలెక్కించడం, దించడం, గది ఇచ్చేదాకా లాబీలో కూర్చోవడం. ఆ రోజు సగం పోయినట్టే. ఎనిమిది సగాలంటే నాలుగు రోజులు పెట్టెలకే పోతున్నాయి.

మా అత్తగారు, మామగారు, ఇద్దరు పిల్లలతో మేము వెళ్లినప్పుడు 10 రాత్రులకి 5 హోటళ్లు పెట్టుకున్నాం. నాలుగో ఊరు వచ్చేసరికి మా అత్తగారు "నేను గదిలోనే ఉంటానమ్మా, మీరు చూసి రండి" అన్నారు. ఆవిడ కోసమే వెళ్లిన ప్రయాణం అది. ఇప్పటికీ నాకు బాధగా ఉంటుంది.

తెనాలి_కిట్టు
అంత దూరం వెళ్లి రోమ్ చూడకుండా రమ్మంటారా? ఖర్చులో సగం విమానం టికెట్లకే పోతుంది. మళ్లీ ఎప్పుడు వెళ్తారో ఏమో.

విశాఖ_వాణి
కిట్టూ, నువ్వు స్నేహితులతో వెళ్తే రోమ్ కూడా చూడు, ఇంకో రెండు ఊళ్లు కలుపుకో. మోకాళ్ల నొప్పులున్న అమ్మతో వెళ్లడం వేరే లెక్క.

కడప_ఖాదర్
వీసా సంగతి చెప్తాను. దిగే దేశం ఏదన్నది రెండో లెక్క. ఏ దేశంలో ఎక్కువ రాత్రులు ఉంటారో ఆ దేశానికే షెంగెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఒకటే వీసా) దరఖాస్తు పెట్టాలి. రాత్రులు సమానమైతేనే ముందు అడుగుపెట్టే దేశం చూస్తారు. మీ ప్లాన్‌లో ఫ్రాన్స్ 3, స్విట్జర్లాండ్ 4, ఇటలీ 5. అంటే ఇప్పుడున్నట్టుగా అయితే ఇటలీకి పెట్టాలి. ఫ్రాన్స్‌కి పెడితే తిప్పి పంపే అవకాశం ఉంది.

ఫీజు పెద్దవాళ్లకి 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్ల లోపు పిల్లలకి 45, ఆరేళ్ల లోపు పిల్లలకి లేదు. దరఖాస్తు కేంద్రం వాళ్ల సర్వీసు చార్జీ వేరు. 12 ఏళ్ల లోపు పిల్లలకి వేలిముద్రలు తీసుకోరు. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచే పెట్టుకోవచ్చు. వేసవి సెలవులకి అందరూ ఒకేసారి ఎగబడతారు, అపాయింట్‌మెంట్ దొరకడమే గగనం. ప్లాన్ ఖరారు చేసుకుని ముందు ఆ పని చూడండి.

శేషు_గుంటూరు
ఖాదర్ భాయ్, ఇటలీ అని అస్సలు అనుకోలేదు. మంచిమాట చెప్పారు. వాణి గారి లెక్క మా ఆవిడకి చదివి వినిపించాను. "నేను మొదటి రోజే చెప్పాను కదా" అంది.

ఓరుగల్లు_సతీష్
అందరూ గ్రూప్ టూర్‌ని తీసిపారేస్తారు గానీ నేను మా అమ్మానాన్నని అట్లనే పంపించిన, సంతోషంగా తిరిగొచ్చిండ్రు. రాత్రి ఏడింటికల్లా వేడివేడి అన్నం, పప్పు ముందుకొచ్చేది. సామాన్లు బస్సులోకి, బస్సులోంచి హోటల్‌కి వాళ్లే చేర్చేది. బస్సులో తోటి వయసు వాళ్లు ఇరవై మంది, అంతా కలిసి పాటలు పాడుకున్నరు. ఇప్పటికీ ఆ బ్యాచ్‌తో ఫోన్లు నడుస్తయి. పెద్దవాళ్లకి కొత్త దేశంలో కావాల్సింది ఆ తోడు. శేషు అన్నా, మీ బావగారి మాట కూడా ఆలోచించు.

శేషు_గుంటూరు
సతీష్ గారూ, వాళ్లిద్దరే వెళ్తుంటే నేనూ అదే చేసేవాణ్ని. మూడేళ్ల బాబు ఉన్నాడు. వాడు నిద్ర లేవకపోతే బస్సు ఆగదు కదా. మాకు చూపించిన టూర్‌లో రోజూ పొద్దున ఏడున్నరకి బయల్దేరాలి.

ఓరుగల్లు_సతీష్
చిన్న పిల్లలుంటే కష్టమే, అది ఒప్పుకుంటా. అయితే టీసీఎస్ పన్ను సంగతి గుర్తుపెట్టుకో. విదేశీ టూర్ ప్యాకేజీ కొంటే బిల్లులోనే పన్ను పట్టుకుంటరు. రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటు అవుతుంది గానీ ముందు చేతిలోంచి పోతుంది. బావగారు చెప్పిన రేటులో అది కలిసి ఉందో లేదో అడుగు.

జ్యూరిక్_లక్ష్మి
పదకొండేళ్లుగా ఇక్కడే ఉంటున్నాను. వేసవి వస్తే మా ఇంటికి చుట్టాలు, వాళ్ల చుట్టాలు వస్తూనే ఉంటారు. నాకు తెలిసింది చెప్తాను.

ఇటలీ ఈసారికి వదిలేయండి. వెనిస్‌లో కాలవ దాటాలంటే వంతెన ఎక్కాలి, వంతెనంటే మెట్లు. అమ్మగారి మోకాళ్లకి అంతకంటే శిక్ష లేదు. స్విట్జర్లాండ్‌లో రెండే చోట్ల మకాం పెట్టండి. ఒకటి లూసర్న్, రెండోది ఇంటర్‌లాకెన్ గానీ లౌటర్‌బ్రున్నెన్ గానీ. జ్యూరిక్‌లో రాత్రి ఉండక్కర్లేదు. విమానాశ్రయం కిందే రైల్వే స్టేషన్ ఉంది, గంట పైచిలుకులో లూసర్న్‌లో దిగుతారు. అక్కడ స్టేషన్ బయటికి వస్తే ఎదురుగానే సరస్సు, పడవల రేవు. నడిచే పనే తక్కువ. లూసర్న్ నుంచి ఇంటర్‌లాకెన్‌కి రెండు గంటల లోపే, దారంతా సరస్సులే, కిటికీ వదలబుద్ధి కాదు.

వ్యాన్ వద్దు. ఇక్కడ కుడివైపు నడపాలి, 12 ఏళ్ల లోపు పిల్లలకి ప్రత్యేక సీటు తప్పనిసరి, హైవే ఎక్కాలంటే 40 ఫ్రాంకుల స్టిక్కర్ కొనాలి, పార్కింగ్ దొరకదు. వెంగెన్, మ్యూరెన్ లాంటి ఊళ్లలోకి కార్లు రానేరావు. రైల్లో అయితే మీరూ కిటికీలోంచి చూస్తారు. డ్రైవింగ్ సీట్లో ఉన్నవాళ్లకి రోడ్డే కనిపిస్తుంది.

స్టీరింగ్_రఘు
ఒక్క మాట ఒప్పుకోను. మేము ఏడుగురం, తొమ్మిది సీట్ల వ్యాన్ తీసుకున్నాం. బాబు పడుకుంటే పడుకోనిచ్చాం, అందమైన చోటల్లా ఆపాం, పొడులు, పచ్చళ్లు, కుక్కర్ అన్నీ వెనకాలే. లక్ష్మి గారు చెప్పిన స్టిక్కర్ అద్దె బండికి సాధారణంగా ముందే అంటించి ఉంటుంది.

జ్యూరిక్_లక్ష్మి
స్టిక్కర్ మాట నిజమే, ఇక్కడ అద్దెకు తీసుకున్న బండికి ఉంటుంది. వేరే దేశంలో తీసుకుని వస్తే చూసుకోవాలి. మీరు ఏ నెలలో వచ్చారు?

స్టీరింగ్_రఘు
ఆగస్టు.

జ్యూరిక్_లక్ష్మి
అదీ సంగతి. మే రెండో వారంలో ఫుర్కా, గ్రిమ్‌సెల్ లాంటి ఎత్తైన కనుమ దారులు ఇంకా మంచుతో మూసే ఉంటాయి. కారులో వచ్చేవాళ్లు చూడాలనుకునేవే అవి. కొన్ని రోప్‌వేలు కూడా ఏప్రిల్, మే నెలల్లో మరమ్మతుకి ఆపుతారు. శేషు గారూ, మీరు ఎక్కాలనుకున్న ప్రతి కొండకీ వాళ్ల సైట్‌లో తేదీలు చూసుకున్నాకే హోటల్ బుక్ చేయండి. అలాగని మే చెడ్డ నెల అనుకోవద్దు. పైన మంచు, కింద పచ్చిక, మంచు కరిగి జలపాతాలన్నీ నిండుగా ఉంటాయి. రాత్రి తొమ్మిదింటికి కూడా వెలుగుంటుంది.

పట్టాలమీద_ప్రసాద్
రైలు మాట వచ్చింది కాబట్టి ఆగలేకపోతున్నాను. స్విట్జర్లాండ్‌లో మామూలు రైళ్లకి సీటు రిజర్వేషన్ అక్కర్లేదు, ఎక్కి కూర్చోవడమే. కొన్ని డబుల్ డెక్కర్ ఇంటర్‌సిటీ రైళ్లలో పై అంతస్తులో పిల్లలకి జారుడు బల్లతో ఆటల బోగీ ఉంటుంది. మీ బాబు దిగనంటాడు.

పాస్ సంగతి. స్విస్ ట్రావెల్ పాస్ ఉంటే రైళ్లు, బస్సులు, పడవలు అన్నీ ఎక్కొచ్చు, రీగి కొండ కూడా అందులోనే వస్తుంది. 6 నుంచి 15 ఏళ్ల పిల్లలకి ఫ్యామిలీ కార్డ్ ఉచితంగా ఇస్తారు, అమ్మో నాన్నో తోడుంటే టికెట్ అక్కర్లేదు. ఆరేళ్ల లోపు వాళ్లకి ఎలాగూ లేదు. అంటే మీ పిల్లలిద్దరికీ ఖర్చు సున్నా. టికెట్లు నలుగురికే.

తెనాలి_కిట్టు
పాస్ కంటే హాఫ్ ఫేర్ కార్డ్ చౌక అంటారు కదా ప్రసాద్ అన్నా?

పట్టాలమీద_ప్రసాద్
ఎలా తిరుగుతారో దాన్ని బట్టి ఉంటుంది. హాఫ్ ఫేర్ కార్డ్ నెల రోజులు పనిచేస్తుంది, దాదాపు అన్నిటికీ సగం ధర. యుంగ్‌ఫ్రావ్‌యోక్ లాంటి ఖరీదైన కొండకి పాస్ ఉంటే 25 శాతమే తగ్గుతుంది, హాఫ్ ఫేర్‌తో 50 శాతం. ఆ ఒక్క టికెట్టే పూర్తి ధరకి 200 ఫ్రాంకులు దాటుతుంది. రోజూ దూరాలు తిరిగేవాళ్లకి పాస్, ఒకచోట ఉండి పెద్ద కొండలెక్కేవాళ్లకి హాఫ్ ఫేర్. కానీ శేషు గారి విషయంలో నేను పాసే అంటాను. అమ్మగారు అలిసిపోతే మధ్యలో దిగిపోవచ్చు, ఎదురుగా పడవ కనిపిస్తే ఎక్కొచ్చు. ప్రతిసారీ ఫోన్ తీసి ఆరుగురికి టికెట్లు కొనే పని ఉండదు.

జ్యూరిక్_లక్ష్మి
ప్రసాద్ గారితో ఏకీభవిస్తాను, ఒక్క షరతు మీద. యుంగ్‌ఫ్రావ్‌యోక్‌కి వెళ్తారో లేదో తేల్చుకున్నాకే లెక్క వేయండి. నలుగురు పెద్దవాళ్లకి అదే పెద్ద ఖర్చు.

మేరీ_సిస్టర్
ఇరవై ఏళ్లుగా నర్సుగా పనిచేస్తున్నాను, కొన్నేళ్లు కార్డియాక్ వార్డులో. ఆ కొండ గురించి నేను చెప్పాలి. యుంగ్‌ఫ్రావ్‌యోక్ 3,454 మీటర్లు. మన హిమాలయాల్లోని రోహ్‌తాంగ్ కనుమ కంటే సుమారు 500 మీటర్లు తక్కువ, అంతే. గ్రిండెల్‌వాల్డ్ అనే ఊరి నుంచి ఐగర్ ఎక్స్‌ప్రెస్ రోప్‌వే పావుగంటలో 2,320 మీటర్లకి చేరుస్తుంది, తర్వాత సొరంగంలో రైలు. ఒంటికి అలవాటు పడే సమయమే ఉండదు. బీపీ ఉన్నంత మాత్రాన వెళ్లకూడదని కాదు. చాలామంది వెళ్లి హాయిగా వస్తారు. బయల్దేరే ముందు ఆయన్ని చూసే డాక్టర్‌ని అడిగి, అవసరమైతే ఈసీజీ తీయించి వెళ్లండి. పైన వేగంగా నడవొద్దు, నీళ్లు తాగుతూ ఉండాలి. తల తిరిగినా, వాంతి వచ్చేలా ఉన్నా, ఊపిరి అందకపోయినా "టికెట్ పోతుందే" అనుకోకుండా వెంటనే కిందికి దిగాలి. మూడేళ్ల బాబు తనకేమవుతుందో చెప్పలేడు, వాడి గురించి పిల్లల డాక్టర్‌ని విడిగా అడగండి.

మందులు చేతి సంచిలో, ప్రిస్క్రిప్షన్‌తో. చీటీ మీద కంపెనీ పేరుతో పాటు మందు అసలు పేరు కూడా రాయించండి. ఇక్కడి కంపెనీ పేర్లు అక్కడ ఎవరికీ తెలియవు. ఇన్సూరెన్స్ 30,000 యూరోలకి తక్కువ ఉంటే వీసా రాదు, అది అందరూ చూసుకుంటారు. అందులో బీపీ ఉందని రాయించడం మాత్రం మర్చిపోతారు. దాచిపెడితే అవసరమప్పుడు క్లెయిమ్ చెల్లదు.

శేషు_గుంటూరు
సిస్టర్, చాలా థాంక్స్. ఈ శనివారమే నాన్నని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తాను.

విశాఖ_వాణి
శేషు గారూ, ఒకటి అడగొచ్చా? అమ్మానాన్న ఏం చూడాలనుకుంటున్నారో వాళ్లని అడిగారా? ప్లాన్‌లో ఎనిమిది ఊళ్ల పేర్లు ఉన్నాయి, వాళ్ల కోరిక ఎక్కడా కనిపించలేదు.

శేషు_గుంటూరు
అడగలేదండీ. వాళ్లకేం తెలుస్తుందిలే, నేనే చూపిస్తానని అనుకున్నాను. ఇవాళ రాత్రి అడుగుతాను.

జ్యూరిక్_లక్ష్మి
ఈలోపు తిండి గురించి. గుడ్డు తినని అమ్మగారికి హోటల్ కంటే వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ మేలు. కోఓప్, మిగ్రోస్ అని రెండు పెద్ద సూపర్ మార్కెట్లు, దాదాపు ప్రతి ఊళ్లోనూ ఏదో ఒకటి ఉంటుంది. బియ్యం, పాలు, పెరుగు, కూరగాయలు అన్నీ దొరుకుతాయి. మన కుక్కర్ తెచ్చుకోవచ్చు, కరెంటు వోల్టేజీ మనదే. ప్లగ్ మాత్రం వేరు. సన్నటి రెండు పిన్నుల ఫోన్ చార్జర్లు దూరతాయి, మన మూడు పిన్నులవి దూరవు, అడాప్టర్ కావాలి. ఆదివారం దుకాణాలు దాదాపు అన్నీ మూసేస్తారు, పెద్ద స్టేషన్లలోవి మాత్రం తెరిచి ఉంటాయి. శనివారమే పాలు, పెరుగు తెచ్చిపెట్టుకోండి. కుళాయి నీళ్లు తాగొచ్చు, సీసాలు కొని డబ్బు తగలేయకండి. రాత్రి పదింటి తర్వాత అపార్ట్‌మెంట్‌లో మిక్సీ వేయకండి, పక్కింటివాళ్లు తలుపు కొడతారు.

కడప_ఖాదర్
తెచ్చుకునే తిండిలో ఒక మెలిక ఉంది. మన దేశం నుంచి మాంసం, పాల పదార్థాలు యూరోపియన్ యూనియన్‌లోకి గానీ స్విట్జర్లాండ్‌లోకి గానీ తీసుకుపోకూడదు. మటన్ పచ్చడి, పాలకోవా, నెయ్యి డబ్బా పట్టుబడితే తీసేస్తారు, జరిమానా కూడా వేయొచ్చు. కందిపొడి, కారప్పొడి, చింతపండు, ఆవకాయ పరవాలేదు. ఆవకాయ మాత్రం రెండు కవర్లలో చుట్టి చెక్‌ఇన్ సామానులో పెట్టండి, చేతి సంచిలో నూనె ఉన్న సీసా పెడితే సెక్యూరిటీ దగ్గర ఆపుతారు.

ఓరుగల్లు_సతీష్
మా అమ్మ సంచిలో సకినాలు తప్ప ఏం లేవు, అందుకే సాఫీగా పోయింది.

విశాఖ_వాణి
లౌటర్‌బ్రున్నెన్‌లో ఉండాలనుకుంటే ఒక జాగ్రత్త చెప్తాను. ఇది మాకు జరిగింది. ఇంటర్‌లాకెన్ ఓస్ట్ నుంచి బయల్దేరే కొండ రైలు మధ్యలో ట్స్వైల్యూచినెన్ అనే స్టేషన్‌లో రెండు ముక్కలవుతుంది. ఒక సగం లౌటర్‌బ్రున్నెన్‌కి, ఇంకో సగం గ్రిండెల్‌వాల్డ్‌కి. బోగీ మీద రాసి ఉంటుంది. మేము తోపుడు బండితో ఒక బోగీలో ఎక్కాం. ముందు బోగీలో ఖాళీగా ఉందని మా అత్తగారిని, మామగారిని అందులో కూర్చోబెట్టాం. మేం లౌటర్‌బ్రున్నెన్‌లో దిగి చూస్తే వాళ్లు లేరు. వాళ్ల దగ్గర పనిచేసే ఫోన్ లేదు, హోటల్ పేరు తెలియదు, మామగారికి తెలుగు, కాస్త హిందీ తప్ప రాదు. గంటన్నర పాటు నా గుండె నా చేతుల్లో లేదు. గ్రిండెల్‌వాల్డ్‌లో ఒక కుర్రాడు వాళ్ల అవస్థ చూసి, మామగారి జేబులో ఉన్న మా వారి పాత విజిటింగ్ కార్డ్ మీది నంబర్‌కి వాట్సాప్ చేశాడు. అలా దొరికారు.

అందుకని పెద్దవాళ్లిద్దరికీ చెరో సిమ్ వేయించండి, డబ్బు చూసుకోవద్దు. హోటల్ పేరు, అడ్రస్, మీ నంబర్ కాగితం మీద రాసి నాన్నగారి చొక్కా జేబులో, అమ్మగారి పర్సులో పెట్టండి. పాప మెడలో కూడా వేయండి. అందరూ ఒకే బోగీ, నిలబడాల్సి వచ్చినా సరే.

పట్టాలమీద_ప్రసాద్
ఆ రైలు దగ్గర పొరపాటు పడేవాళ్లు చాలామంది. ఇంకోటి, ఇంటర్‌లాకెన్‌కి రెండు స్టేషన్లు, వెస్ట్, ఓస్ట్. హోటల్ బుక్ చేసేటప్పుడే ఏ స్టేషన్‌కి దగ్గరో చూసుకోండి. కొండ రైళ్లన్నీ ఓస్ట్ నుంచే.

శేషు_గుంటూరు
అడిగాను.

అమ్మకి ఒకే ఒక్క కోరిక. మంచు చేత్తో పట్టుకోవాలట. చిన్నప్పుడు మా తాతయ్య కులూ వెళ్లొచ్చి మంచు గురించి చెప్తే విన్నదట, అప్పటి నుంచీ ఉందట. ఎన్నడూ మాతో అనలేదు. ఈఫిల్ టవర్ ఫోటో చూపిస్తే "పాపకి చూపించు, నాకు దూరం నుంచి కనిపిస్తే చాలు" అంది.

నాన్న రైల్వేలో చేసి రిటైరయ్యారు, గుంతకల్ డివిజన్‌లో 34 ఏళ్లు. ఏమీ వద్దురా అన్నారు ముందు. ప్రసాద్ గారి పోస్ట్ చదివి వినిపిస్తే లేచి కూర్చున్నారు. "కొండెక్కే పళ్ల పట్టాల రైలు అక్కడే కదా, దాన్ని చూడొచ్చా" అని అడిగారు. రోమ్ గురించి ఇద్దరూ ఒక్క మాట కూడా ఎత్తలేదు.

పట్టాలమీద_ప్రసాద్
గుంతకల్! శేషు గారూ, మీ నాన్నగారిని రీగికి తీసుకెళ్లకపోతే నేనే వచ్చి తీసుకెళ్తాను. విట్స్‌నావ్ నుంచి రీగి ఎక్కే రైలు 1871లో మొదలైంది, యూరప్‌లో మొట్టమొదటి కొండ రైలు అదే. రెండు పట్టాల మధ్య పళ్ల పట్టా, ఇంజను కింద పళ్ల చక్రం అందులో పడుతూ ఎక్కుతుంది. లూసర్న్ స్టేషన్ ఎదుటి రేవులో పడవెక్కితే గంటలో విట్స్‌నావ్, దిగిన చోటే రైలు. అరగంటలో పైకి. 1,798 మీటర్లే కాబట్టి బీపీకి భయం లేదు. పడవ, రైలు రెండూ పాస్‌లోనే. అదే సరస్సు పక్కన పిలాటస్ కొండ రైలు కూడా ఉంది, 48 శాతం వాలు, పళ్ల పట్టాల రైళ్లలో ప్రపంచంలోనే అంత నిటారుగా ఎక్కేది ఇంకోటి లేదు. పాస్ మీద సగం ధర. మే మధ్యకి ఆ లైన్ మొదలైందో లేదో సైట్‌లో చూసుకోండి.

ఇంకా యుంగ్‌ఫ్రావ్ రైలు 1912లో పూర్తయింది. ఐగర్ కొండ కడుపులోంచి తవ్వుకుంటూ 16 ఏళ్లు పట్టింది. ఆ సొరంగం గురించి ఆయనకి ముందే చదివి వినిపించండి, ఎక్కేటప్పుడు ఆయనే మీ అందరికీ చెప్తారు.

మేరీ_సిస్టర్
అమ్మగారి మంచు కోసం అంత ఎత్తుకే వెళ్లాలని లేదు. మే రెండో వారంలో క్లైన షైడెగ్ అనే కనుమ దగ్గర, 2,061 మీటర్ల ఎత్తులో, నీడపట్టున మంచు మిగిలి ఉండొచ్చు. అది వాతావరణాన్ని బట్టి ఉంటుంది కాబట్టి మాటివ్వలేను. డాక్టర్ సరే అంటే పైకి వెళ్లండి, వద్దంటే ఇక్కడ ప్రయత్నించండి.

జ్యూరిక్_లక్ష్మి
పైకి వెళ్లే రోజు ముందే ఖాయం చేసుకోవద్దు. ఇంటర్‌లాకెన్ దగ్గర నాలుగైదు రాత్రులు ఉండమనేది అందుకే. ప్రతి కొండ మీదా లైవ్ కెమెరా ఉంటుంది. పొద్దున లేవగానే చూడండి. తెల్లగా పొగమంచు తప్ప ఏమీ కనిపించకపోతే ఆ రోజు పడవెక్కండి, ఆకాశం తేటపడిన రోజు కొండెక్కండి. రెండు రాత్రులే ఉంటే ఈ వీలుండదు. 200 ఫ్రాంకులు పెట్టి మేఘంలో నిలబడి వచ్చిన చుట్టాలు మాకు బోలెడుమంది. మొదటి మూడు రోజులు మీరందరూ తెల్లవారుజామున మూడింటికే లేస్తారు, మనకీ ఇక్కడికీ మేలో మూడున్నర గంటల తేడా. ఆ తెల్లవారుజాముని వాడుకోండి, జనం రాకముందే మొదటి రైలెక్కొచ్చు.

లౌటర్‌బ్రున్నెన్ దగ్గర ట్రుమెల్‌బాఖ్ జలపాతాలు కొండ లోపల ఉంటాయి, చాలా బాగుంటాయి, కానీ 4 ఏళ్ల లోపు పిల్లల్ని లోపలికి రానివ్వరు. బాబుని ఎవరో ఒకరు బయట ఆడించాలి. లిఫ్ట్ ఉన్నా లోపల తడి మెట్లుంటాయి, అమ్మగారు కూడా బయటే ఉండి మనవడితో ఆడుకోవడం మంచిది.

తెనాలి_కిట్టు
సరే, రోమ్ మీద నా కేసు ఓడిపోయాను. పారిస్ అయినా ఉంచుతారా? పాపకి ఎనిమిదేళ్లు, ఈఫిల్ టవర్ చూడాలని ఉండదా?

శేషు_గుంటూరు
ఉంచుతున్నా కిట్టూ. పాప స్కూల్ బ్యాగ్ మీద కూడా ఈఫిల్ టవర్ బొమ్మే.

విశాఖ_వాణి
పారిస్‌లో మెట్రో అమ్మగారికి పనికిరాదు. పాత స్టేషన్లు, లిఫ్టులు ఉండవు, మెట్లే మెట్లు. 14వ నంబర్ లైన్ ఒక్కదాంట్లోనే అన్ని స్టేషన్లలోనూ లిఫ్టులున్నాయి. బస్సుల్లో తిరగండి, ఊరు కూడా కనిపిస్తుంది. సెన్ నదిలో పడవెక్కితే కూర్చున్నచోటు నుంచే సగం పారిస్ అయిపోతుంది. ఈఫిల్ లిఫ్ట్ టికెట్లు 60 రోజుల ముందు సైట్‌లో వదులుతారు, ఆ రోజే కొనండి. లూవ్ర్ మ్యూజియం మంగళవారం సెలవు. పర్సులు, పాస్‌పోర్టులు బట్టల లోపలి సంచిలో.

కడప_ఖాదర్
టికెట్లు కొనేటప్పుడు మల్టీ సిటీ అని వెతకండి. వెళ్లేది జ్యూరిక్‌కి, వచ్చేది పారిస్ నుంచి. మళ్లీ వెనక్కి రావాల్సిన పనుండదు. చాలాసార్లు రానూపోనూ ధరే పడుతుంది. దుబాయ్, దోహా, అబుదాబి ఎటు నుంచైనా మధ్యలో మూడు గంటలైనా ఉండేలా చూడండి. అమ్మానాన్నలిద్దరికీ 48 గంటల ముందే వీల్‌చైర్ అడిగిపెట్టండి. ఆ విమానాశ్రయాల్లో గేటు నుంచి గేటుకి కిలోమీటరు నడవాలి.

శేషు_గుంటూరు
నాన్న వీల్‌చైర్ ఎక్కరు ఖాదర్ భాయ్. నామోషీ అంటారు.

కడప_ఖాదర్
మా అబ్బా కూడా అదే అన్నారు. అమ్మకి తోడుగా ఎవరో ఒకరు ఉండాలి కదా అన్నాను. ఆమె కోసమని కూర్చున్నారు.

శేషు_గుంటూరు
డాక్టర్ దగ్గరికి వెళ్లొచ్చాం. ఈసీజీ బాగుందట. పైన గంటన్నర కంటే ఎక్కువ ఉండొద్దు, మెల్లగా నడవమన్నారు. బాబుకి మాత్రం పిల్లల డాక్టర్ ఈసారి వద్దన్నారు. మా ఆవిడ వాడితో కింద ఉండిపోతుంది. అమ్మతో తను వెళ్లాలని నేనన్నాను, "మీ అమ్మ మంచు పట్టుకున్నప్పుడు పక్కన నువ్వే ఉండాలి" అంది.

కొత్త ప్లాన్: జ్యూరిక్‌లో దిగి నేరుగా లూసర్న్, 4 రాత్రులు. ఇంటర్‌లాకెన్ ఓస్ట్ దగ్గర అపార్ట్‌మెంట్, 5 రాత్రులు. అక్కడి నుంచి బాసెల్ మీదుగా రైల్లో పారిస్, 3 రాత్రులు. మూడే మకాములు. స్విట్జర్లాండ్ 9 రాత్రులు కాబట్టి వీసా దరఖాస్తు వాళ్లకే. ఇవాళే అపాయింట్‌మెంట్ దొరికింది, ఆరుగురికీ ఒకే రోజు.

పట్టాలమీద_ప్రసాద్
బాసెల్ నుంచి పారిస్ వెళ్లే టీజీవీకి (ఫ్రాన్స్ వాళ్ల హైస్పీడ్ రైలు) మాత్రం సీటు రిజర్వేషన్ తప్పనిసరి. స్విస్ పాస్ అందులో చెల్లదు, విడిగా టికెట్ కొనాలి. ముందే కొంటే చాలా తక్కువకి వస్తుంది. ఇంటర్‌లాకెన్ నుంచి బాసెల్ దాకా పాస్ చాలు.

ఓరుగల్లు_సతీష్
ఇప్పుడు చూస్తుంటే ముద్దుగుంది ప్లాన్. మా అమ్మానాన్నకి చూపిస్తే "మమ్మల్ని కూడా వాళ్లతోనే పంపు" అంటున్నరు.

శేషు_గుంటూరు
ఒక్క చిన్న సందేహం మిగిలింది. అమ్మ అడగమంది. నెయ్యి తేకూడదంటే కందిపొడి అన్నం ఎలా తినాలి, బాబు నెయ్యి లేకుండా ముద్ద మింగడు అని.

జ్యూరిక్_లక్ష్మి
ఉప్పు వేయని వెన్న ఇక్కడ ప్రతి కోఓప్‌లోనూ దొరుకుతుంది. పావు కిలో ముక్క తెచ్చుకుని సన్న సెగ మీద కాచుకోమనండి. మా ఇంట్లో నెయ్యి అలాగే చేస్తాను. కిటికీ తెరిచి, పొయ్యి మీది ఫ్యాన్ వేసి కాచమనండి, పొగకి అలారం మోగుతుంది.